పార్ట్‌టైమ్ పని గంటలు – సంక్షేమ అర్హత

నిరుద్యోగ భృతి పని లేనివారి కోసం పుట్టింది. ఆరోగ్య బీమా, ప్రసూతి సాయం, వృద్ధాప్య పింఛను వంటివి చాలా దేశాల్లో పని ఉన్నవారి కోసం, వారి జీతంలోంచి కట్టిన చందాల ఆధారంగా పుట్టాయి. వారానికి పదీ పదిహేను గంటలు పనిచేసేవారు ఈ రెంటికీ మధ్య నిలబడతారు. పూర్తి ఉద్యోగం లేదు, పూర్తిగా ఖాళీగానూ లేరు. వారిని ఏ వైపు చేర్చాలో తేల్చడానికి ఒక్కో దేశం ఒక్కో కొలత పెట్టుకుంది. కొన్ని గంటలు లెక్కిస్తాయి, కొన్ని రోజులు లెక్కిస్తాయి, మరికొన్ని ఆదాయం చూస్తాయి. ఏ కొలతను ఎంచుకున్నారు, గీత ఎక్కడ గీశారు, ఆ గీత దాటినవారికి ఏం జరుగుతుంది అన్నవి కోట్ల కుటుంబాల బతుకును నిర్ణయిస్తాయి. పార్ట్‌టైమ్ పనిలో అత్యధికులు మహిళలే కాబట్టి ఈ లెక్కల భారం కూడా ముందు పడేది వారిమీదే.

ఈ విషయంలో సుదీర్ఘ అనుభవం ఉన్న దేశం బ్రిటన్. అక్కడి ‘పదహారు గంటల నిబంధన’ చరిత్రను ఈ వ్యాసం ప్రధానంగా పరిశీలిస్తుంది. తర్వాత మరికొన్ని దేశాల పద్ధతులను, భారతదేశంలోని రోజుల లెక్కను, తెలుగు రాష్ట్రాల పరిస్థితిని వివరిస్తుంది.

నిర్వచనాలు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1994లో పార్ట్‌టైమ్ పనిపై 175వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. అదే తరహా పనిచేసే ఫుల్‌టైమ్ ఉద్యోగి మామూలు గంటలకన్నా తక్కువ గంటలు పనిచేసేవారే పార్ట్‌టైమ్ ఉద్యోగి అని అది చెప్పింది. నిర్దిష్టంగా ఇన్ని గంటలని అంకె పెట్టలేదు. దేశాల మధ్య పోలికల కోసం ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ మాత్రం ప్రధాన ఉద్యోగంలో వారానికి 30 గంటలలోపు పనిని పార్ట్‌టైమ్‌గా పరిగణిస్తుంది.

సంక్షేమ చట్టాల నిర్వచనాలు వీటితో కలవవు. వారానికి 16 గంటలు పనిచేసే వ్యక్తిని యజమాని, తోటి ఉద్యోగులు, గణాంక శాఖ అందరూ పార్ట్‌టైమ్ అనే అంటారు. బ్రిటన్ పాత భృతి చట్టాల దృష్టిలో మాత్రం ఆ వ్యక్తి పూర్తిగా పనిలో ఉన్నట్టే లెక్క. ఒకే మనిషి ఒక కాగితంలో పార్ట్‌టైమ్ ఉద్యోగిగా, మరో కాగితంలో ఫుల్‌టైమ్ ఉద్యోగిగా నమోదు కావడం ఈ రంగంలో సర్వసాధారణం.

మించకూడని గంటలు, తగ్గకూడని గంటలు

గంటల పరిమితులు రెండు రకాలు. మొదటివి మించకూడని గంటలు. నిరుద్యోగ భృతి, అనారోగ్య భృతి వంటివి పొందేవారు ఫలానా గంటలకన్నా ఎక్కువ పనిచేయకూడదు. మించితే వారిని నిరుద్యోగులుగానో, పనిచేయలేనివారిగానో గుర్తించరు. రెండోవి తగ్గకూడని గంటలు. సామాజిక బీమాలో చేరడానికి, పనిచేసే పేద కుటుంబాలకిచ్చే జీతపు జోడింపు పొందడానికి, కొన్ని దేశాల్లో ఆహార సాయం కొనసాగడానికి సైతం కనీసం ఇన్ని గంటల పని ఉండాలి.

గీత దాటినప్పుడు ప్రయోజనం ఎలా మారుతుందన్నది మరో ప్రశ్న. మెట్టు పద్ధతిలో గీతకు ఇవతల మొత్తం ప్రయోజనం అందుతుంది, అవతల ఒక్క పైసా అందదు. వాలు పద్ధతిలో ఆదాయం పెరిగేకొద్దీ ప్రయోజనం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. మెట్టు పద్ధతిని అమలు చేయడం తేలిక, అర్థం చేసుకోవడమూ తేలికే. అయితే ఒక గంట అదనపు పని వల్ల ఇంటికి వచ్చే మొత్తం డబ్బు తగ్గిపోయే ప్రమాదం అందులోనే ఎక్కువ. వాలు పద్ధతిలో ఆ కుదుపు ఉండదు. దానికి బదులుగా నెలనెలా కచ్చితమైన ఆదాయ లెక్క కావాలి.

బ్రిటన్: పదహారు గంటల చరిత్ర

పనిచేసేవారికి ప్రభుత్వ సొమ్ముతో జీతం జోడించాలా అన్న వాదన ఇంగ్లండులో రెండు శతాబ్దాల నాటిది. 1795లో ధాన్యం ధరలు మండిపోతున్నప్పుడు బెర్క్‌షైర్ మేజిస్ట్రేట్లు స్పీన్‌హామ్‌ల్యాండ్‌లో సమావేశమై, రొట్టె ధరను బట్టి కూలీల ఆదాయానికి పేదల నిధి నుంచి కొంత కలపాలని తీర్మానించారు. దీనివల్ల యజమానులు కూలి పెంచరనీ, కూలీలు సోమరులవుతారనీ విమర్శలు వచ్చాయి. 1834 నాటి పేదల చట్టం ఆ విమర్శల ప్రభావంతో వచ్చిందే. పని ఉన్నవారికి సాయం వద్దన్న భావన ఆ తర్వాత చాలాకాలం ఆ దేశంలో బలంగా నాటుకుపోయింది.

ఆ భావన 1971లో సడలింది. పిల్లలుండి, తక్కువ జీతానికి ఫుల్‌టైమ్ పనిచేసే కుటుంబాల కోసం ఆ ఏడాది కుటుంబ ఆదాయ జోడింపు మొదలైంది. 1986 నాటి సామాజిక భద్రతా చట్టం ప్రకారం 1988 ఏప్రిల్‌లో వ్యవస్థను తిరిగి నిర్మించారు. పని లేనివారికి ఇన్‌కమ్ సపోర్ట్, పిల్లలుండి పనిచేసేవారికి ఫ్యామిలీ క్రెడిట్ వచ్చాయి. రెంటికీ మధ్య గీత వారానికి 24 గంటలు. 1992 ఏప్రిల్‌లో ఆ గీతను 16 గంటలకు దించారు. చిన్నపిల్లలున్న ఒంటరి తల్లులు సైతం కొద్ది గంటల పనితోనే జీతపు జోడింపు పొందాలన్నది దీని వెనకున్న ఆలోచన.

ఇలా పదహారు అన్న అంకె రెండు పథకాల మధ్య గుమ్మంలా నిలిచింది. 16 గంటలలోపు పనిచేస్తే ఒక పథకం, 16 చేరితే మరో పథకం. 1996 అక్టోబరులో వచ్చిన జాబ్‌సీకర్స్ అలవెన్స్ అనే నిరుద్యోగ భృతి కూడా అదే గీతను పాటించింది. దరఖాస్తుదారు 16 గంటలలోపే పనిచేయాలి. ఆదాయం చూసి ఇచ్చే భృతిలో జీవిత భాగస్వామికి 24 గంటల వరకు వెసులుబాటు ఉండేది. 2008లో వచ్చిన అనారోగ్య భృతిలోనూ అనుమతించిన పని 16 గంటలకు లోబడే ఉంది.

గీతకు లోపల పనిచేసేవారికి దక్కేదీ స్వల్పమే. ఆదాయ పరీక్ష ఉన్న ఈ భృతుల్లో ఒంటరి వ్యక్తి వారానికి సంపాదించిన దానిలో 5 పౌండ్లు మాత్రమే లెక్కలోంచి మినహాయించేవారు. జంటకు 10, ఒంటరి తల్లి లేదా తండ్రికి 20 పౌండ్లు. మిగిలిన ప్రతి పౌండుకూ భృతిలో ఒక పౌండు కోత పడేది. గంటకు 10 పౌండ్ల చొప్పున ఐదు గంటలు పనిచేసిన ఒంటరి వ్యక్తిని ఉదాహరణగా తీసుకుంటే, వచ్చిన 50 పౌండ్లలో భృతి కోత 45. ఐదు గంటల శ్రమకు చేతిలో మిగిలేది 5 పౌండ్లు, అందులోనే బస్సు చార్జీలు. వారానికి ఐదారు గంటల చిన్న పని ఒప్పుకోవడానికి చాలామంది ముందుకు రాకపోవడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

గీత పైన ఉన్న ఫ్యామిలీ క్రెడిట్ రెండుసార్లు పేరు మార్చుకుంది. 1999లో అది వర్కింగ్ ఫ్యామిలీస్ ట్యాక్స్ క్రెడిట్ అయింది, 2003 ఏప్రిల్‌లో వర్కింగ్ ట్యాక్స్ క్రెడిట్‌గా మారింది. పిల్లలున్న వ్యక్తికి, వైకల్యం ఉన్న వ్యక్తికి కనీసం 16 గంటలు, పిల్లలు లేని 25 ఏళ్లు దాటిన వారికి 30 గంటలు ఉండాలన్నది నియమం. 30 గంటలు చేరినవారికి అదనంగా కొంత మొత్తం ఇచ్చేవారు. ఉద్యోగుల పని గంటల పట్టికలో ఈ రెండు అంకెల దగ్గర జనం గుమిగూడటాన్ని ఆర్థికవేత్తలు చాలాకాలం అధ్యయనం చేశారు. పని అవసరమో, శరీరం సహకరించడమో, పిల్లల బడి సమయమో కాకుండా పథకం అంకెలే మనుషుల గంటలను నిర్ణయిస్తున్నాయని దాని అర్థం.

2012 ఏప్రిల్‌లో ఈ నియమం మరింత బిగిసింది. పిల్లలున్న జంటలు ఇద్దరూ కలిపి వారానికి 24 గంటలు, అందులో ఒకరైనా కనీసం 16 గంటలు పనిచేయాలని మార్చారు. అప్పటిదాకా ఒక్కరే 16 గంటలు పనిచేస్తూ నెట్టుకొస్తున్న కుటుంబాలు ఇంకో ఎనిమిది గంటల పని వెతుక్కోవలసి వచ్చింది. ఆర్థిక మాంద్యం తర్వాతి రోజుల్లో షాపులు, ఫ్యాక్టరీలు అదనపు గంటలు ఇచ్చే స్థితిలో లేవు. గంటలను నిర్ణయించే అధికారం ఉద్యోగి చేతిలో లేనప్పుడు గంటల నియమం ఎంత కఠినంగా తగులుతుందో ఆ మార్పు చూపించింది.

యూనివర్సల్ క్రెడిట్

2012 నాటి సంక్షేమ సంస్కరణ చట్టం ఆరు పాత పథకాలను యూనివర్సల్ క్రెడిట్ పేరుతో ఒక్కటి చేసింది. 2013 ఏప్రిల్‌లో మాంచెస్టర్ సమీపంలోని ఆష్టన్-అండర్-లైన్‌లో ఇది మొదలైంది. అర్హతకు గంటల పరిమితిని ఇది తొలగించింది. మెట్టు స్థానంలో వాలు వచ్చింది. సంపాదించిన ప్రతి పౌండుకూ తగ్గే మొత్తం మొదట 65 పెన్స్, 2017లో 63, 2021 చివరి నుంచి 55. పిల్లలున్నవారికి, అనారోగ్యం వల్ల పని సామర్థ్యం తగ్గినవారికి కొంత ఆదాయం వరకు కోత ఉండదు. పై ఉదాహరణలోని వ్యక్తికి అదే 50 పౌండ్లపై కోత 27.50 పౌండ్లే పడుతుంది, 22.50 మిగులుతుంది. పాత ట్యాక్స్ క్రెడిట్లు 2025 ఏప్రిల్ 5తో ముగిశాయి.

అర్హతలోంచి తొలగిన గంటలు బాధ్యతల్లోకి వచ్చి చేరాయి. ఆదాయం ఒక స్థాయికి చేరనివారు ఎక్కువ పని కోసం గట్టిగా ప్రయత్నించాలి, జాబ్‌సెంటర్ అనే ఉపాధి కార్యాలయంలోని అధికారిని తరచూ కలవాలి. ఆ స్థాయిని కనీస వేతనంపై ఇన్ని గంటల సంపాదన అని లెక్కగడతారు. 2022 సెప్టెంబరులో అది వారానికి 12 గంటల సంపాదన. 2023 జనవరిలో 15కు, 2024 మేలో 18కి పెంచారు. ఇంగ్లండులో మూడు, నాలుగేళ్ల పిల్లలకు 2017లో మొదలై 2025 సెప్టెంబరు నాటికి తొమ్మిది నెలల పసివారి వరకు విస్తరించిన 30 గంటల ఉచిత శిశు సంరక్షణ పథకంలోనూ తల్లిదండ్రులు ఒక్కొక్కరు కనీస వేతనంపై 16 గంటల సంపాదనకు తగ్గకూడదు. పదహారు అంకె పేరు మార్చుకుని బతికే ఉంది.

వాలు పద్ధతికి కావలసిన నెలవారీ లెక్క కూడా కొత్త చిక్కులు తెచ్చింది. జీతం తేదీ సెలవు రోజున పడితే ముందే జమ అవుతుంది. అప్పుడు ఒకే లెక్క నెలలో రెండు జీతాలు, మరో నెలలో సున్నా కనిపిస్తాయి. భృతి ఒక నెల పడిపోయి మరో నెల పెరుగుతుంది. దీనిపై ఒంటరి తల్లులు వేసిన కేసులో, ఇలాంటి పరిస్థితికి వెసులుబాటు కల్పించకపోవడం హేతువిరుద్ధమని 2020లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది.

సంరక్షకుల భృతి: మిగిలిన మెట్టు

మంచాన పడ్డ తల్లినో, వైకల్యం ఉన్న బిడ్డనో వారానికి కనీసం 35 గంటలు చూసుకునేవారికి బ్రిటన్ ఇచ్చే భృతి ఇప్పటికీ మెట్టు పద్ధతిలోనే ఉంది. 1976లో మొదలైన ఈ పథకంలో పన్నులు, కొన్ని ఖర్చులు పోగా వారపు సంపాదన పరిమితిలో ఉంటే పూర్తి భృతి, దాటితే సున్నా. 2024–25లో పరిమితి 151 పౌండ్లు. అప్పటి జాతీయ జీవన వేతనం, అంటే పెద్దల కనీస వేతనం, గంటకు 11.44 పౌండ్లు కాబట్టి 13 గంటల పనితో 148.72 పౌండ్లు వచ్చేవి, అర్హత నిలిచేది. వేతనం 12.21కి పెరిగాక అదే 13 గంటలకు 158.73 వస్తాయి. పరిమితి పెంచకపోతే, జీతం పెరిగిన సంతోషానికి బదులు ఒక గంట పని వదులుకోవలసిన స్థితి వచ్చేది. 2025 ఏప్రిల్ నుంచి పరిమితిని 196 పౌండ్లకు, అంటే జీవన వేతనంపై 16 గంటలకు ముడిపెట్టారు.

మెట్టు మాత్రం అలాగే ఉంది. ఆ ఏడాది భృతి వారానికి 83.30 పౌండ్లు. 196 దాటి ఒక్క పౌండు ఎక్కువ సంపాదిస్తే 83.30 పౌండ్లూ పోయేవి. గీత దాటిన సంగతి తెలియక నెలల తరబడి భృతి తీసుకున్నవారి నుంచి ప్రభుత్వం వేల పౌండ్లు వెనక్కి అడిగిన ఉదంతాలు 2024లో ఆ దేశంలో పెద్ద చర్చకు దారితీశాయి. ఇంట్లో రోగిని చూసుకుంటూ, బయట నాలుగు గంటలు పనిచేసి బతికే మనిషి మీద కొద్ది పౌండ్ల పొరపాటు అంత బరువు మోపడం ఏ న్యాయానికీ నిలవదు.

ఇతర దేశాల పద్ధతులు

జర్మనీలో చందాతో వచ్చే నిరుద్యోగ భృతి పొందేవారు వారానికి 15 గంటలలోపే పనిచేయాలి. నెలకు 165 యూరోల సంపాదన వరకు కోత ఉండదు. మరోవైపు మినీజాబ్ అనే చిన్న ఉద్యోగాలున్నాయి. 2022 అక్టోబరు నుంచి వాటి జీత పరిమితిని కనీస వేతనంపై వారానికి పది గంటల సంపాదనకు ముడిపెట్టారు. 2025లో అది నెలకు 556 యూరోలు. ఈ ఉద్యోగి నిరుద్యోగ బీమాలో చేరడు కాబట్టి పని పోయినప్పుడు దానివల్ల భృతి రాదు.

ఐర్లాండ్ గంటలకు బదులు రోజులు చూస్తుంది. నిరుద్యోగ భృతికి వారంలో ఏడు రోజుల్లో కనీసం నాలుగు రోజులు పని లేకుండా ఉండాలి. ఒక రోజు గంటసేపు పనిచేసినా ఆ రోజు పనిదినమే. మూడు రోజుల్లో 24 గంటలు పనిచేసినవారు మిగిలిన రోజులకు భృతి పొందవచ్చు. రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు, మొత్తం పది గంటలే పనిచేసినవారికి రాదు.

జపాన్‌లో ఉద్యోగ బీమాలో చేరడానికి వారానికి 20 గంటల పని కావాలి. 2028 అక్టోబరు నుంచి దీన్ని 10 గంటలకు తగ్గిస్తూ 2024లో చట్టం సవరించారు. ఉద్యోగుల పింఛను పథకాన్ని వారానికి 20 గంటలు, నెలకు 88,000 యెన్‌లు దాటిన పార్ట్‌టైమ్ ఉద్యోగులకు 2016లో పెద్ద సంస్థలతో మొదలుపెట్టి, 2024 అక్టోబరు నాటికి 50 మందికి పైగా ఉన్న సంస్థల వరకు విస్తరించారు. ఏడాదికి 10.6 లక్షలు, 13 లక్షల యెన్‌ల దగ్గర చందాల భారం ఒక్కసారిగా మొదలవుతుంది. వీటిని అక్కడివారు ‘ఆదాయపు గోడలు’ అంటారు. భర్త బీమా నీడలో ఉన్న గృహిణులు గోడ తగలకుండా ఏడాది చివర్లో షిఫ్టులు తగ్గించుకోవడం అక్కడ అందరికీ తెలిసిన విషయం.

అమెరికాలో గంటలు ఎక్కువగా కనీస షరతుగా కనిపిస్తాయి. 1996 నాటి సంక్షేమ చట్టం ప్రకారం, పిల్లల బాధ్యత లేని ఆరోగ్యవంతులు నెలకు 80 గంటల పనో శిక్షణో చూపకపోతే మూడేళ్లలో మూడు నెలలకు మించి ఆహార సాయం అందదు. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం వారానికి సగటున 30 గంటలు పనిచేసేవారిని ఫుల్‌టైమ్‌గా గుర్తించి, 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఫుల్‌టైమ్ ఉద్యోగులున్న సంస్థలు వారికి బీమా ఇవ్వకపోతే జరిమానా విధించింది. బీమా ఖర్చు తప్పించుకోవడానికి కొన్ని సంస్థలు షిఫ్టులను 29 గంటల దగ్గర ఆపేస్తున్నాయన్న ఫిర్యాదు అప్పటినుంచీ ఉంది.

న్యూజిలాండ్ 2020 జులై 1న గంటల పరీక్షను వదిలేసింది. పనిచేసే కుటుంబాలకిచ్చే పన్ను మినహాయింపు సాయానికి ఒంటరి తల్లిదండ్రులు 20, జంటలు 30 గంటలు పనిచేయాలన్న నియమం అప్పటిదాకా ఉండేది. కోవిడ్ కాలంలో గంటలు ఎవరి అదుపులోనూ లేకుండా పోయిన సమయంలోనే ఈ మార్పు అమల్లోకి వచ్చింది.

మహిళలు, న్యాయస్థానాలు

గంటల గీత మగా ఆడా అని చూడదు. ఆ గీత కింద ఉండేవారిలో అత్యధికులు ఆడవారే కాబట్టి ఫలితం వివక్షే అవుతుందన్న వాదన 1980ల నుంచి యూరప్ న్యాయస్థానాల ముందుకు వచ్చింది. వారానికి పది గంటలకు మించి పనిచేయనివారికి అనారోగ్య కాలపు జీతం లేదన్న జర్మన్ చట్టాన్ని ఒక పారిశుద్ధ్య కార్మికురాలు సవాలు చేశారు. అలాంటి మినహాయింపుకు లింగభేదంతో సంబంధం లేని సరైన కారణం చూపాల్సిందేనని 1989లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. అదే న్యాయస్థానం 1995లో మాత్రం, అతి చిన్న ఉద్యోగాలను సామాజిక బీమా నుంచి తప్పించే జర్మన్ విధానాన్ని సామాజిక విధాన అవసరంగా అంగీకరించింది.

బ్రిటన్‌లో 1978 నాటి ఉద్యోగ రక్షణ చట్టం కింద వారానికి 16 గంటలు పనిచేసేవారికి రెండేళ్లలో వచ్చే తొలగింపు పరిహార హక్కు, 8 నుంచి 16 గంటలవారికి ఐదేళ్లకు గానీ వచ్చేది కాదు. 8 గంటలలోపు వారికి అసలే లేదు. సమాన అవకాశాల కమిషన్ వేసిన కేసులో 1994లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ భేదం యూరప్ సమానత్వ చట్టానికి విరుద్ధమని తేల్చింది. మరుసటి ఏడాది ఆ గీతలను చెరిపేశారు.

స్పెయిన్ కేసు మరింత కళ్లు తెరిపించేది. వారానికి నాలుగు గంటల చొప్పున 18 ఏళ్లు శుభ్రపరిచే పని చేసిన ఒక మహిళ పింఛను అడిగారు. పింఛనుకు 15 ఏళ్ల చందా ఉండాలి. ఆమె గంటలను పూర్తి రోజులుగా మార్చి లెక్కిస్తే మూడేళ్లు కూడా కాలేదు. ఆ లెక్కన ఆమెకు 15 ఏళ్లు పూర్తి కావాలంటే వందేళ్లు పనిచేయాలి. 2012 నవంబరు 22న యూరోపియన్ న్యాయస్థానం ఆ పద్ధతిని తప్పుపట్టింది. పార్ట్‌టైమ్ ఉద్యోగికి పింఛను మొత్తం తక్కువ కావడం ఒక ఎత్తు, దాని గుమ్మం కూడా తొక్కలేకపోవడం మరో ఎత్తు. ఆ రెంటి మధ్య తేడాను ఈ తీర్పు స్పష్టం చేసింది.

భారతదేశం: గంటల చోట రోజులు

భారతదేశంలో పని గంటలు చూసి భృతి ఇచ్చే విస్తృత నిరుద్యోగ పథకం లేదు. కార్మిక చట్టాల్లో అర్హతకు ప్రధాన కొలతలు రెండే, పనిదినాలు, జీత పరిమితి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో 80 రోజుల పని చాలు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఏడాదికి 240 రోజుల పనిని లెక్కలోకి తీసుకుంటుంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద సంక్షేమ బోర్డులో నమోదుకు గత పన్నెండు నెలల్లో 90 రోజులు ఉండాలి. 2020 సామాజిక భద్రతా కోడ్ ఈ చట్టాలన్నిటినీ ఒకచోట చేర్చినా రోజుల లెక్క ప్రాతిపదికగానే ఉంది.

1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టం, అంటే జనం నోట ఈఎస్‌ఐ, మంచి ఉదాహరణ. 2017 జనవరి నుంచి నెలకు 21,000 రూపాయల జీతం వరకు ఇందులో చేర్చుకున్నారు. వైకల్యం ఉన్నవారికి 25,000. ఇందులో మెట్టు కొంత మెత్తగా ఉంటుంది. పరిమితి దాటిందో లేదో చూసేటప్పుడు ఓవర్‌టైమ్ కలపరు. ఆరు నెలల చందా కాలం మధ్యలో జీతం పెరిగి పరిమితి దాటినా ఆ కాలం ముగిసేదాకా సభ్యత్వం కొనసాగుతుంది.

అనారోగ్య భృతికి మాత్రం ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా ఉండాలి. ఇక్కడ రోజుల లెక్కలోని వింత బయటపడుతుంది. రోజుకు రెండు గంటలు, వారానికి ఆరు రోజులు ఊడ్చే కార్మికురాలికి 26 వారాల్లో 156 పనిదినాలు, 312 గంటలు. వారానికి రెండు పూర్తి రోజులు, రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే దినకూలీకి 52 పనిదినాలు, 416 గంటలు. ఎక్కువ గంటలు చెమటోడ్చిన మనిషికే భృతి అందదు.

భవిష్య నిధి చట్టం ఉద్యోగిని గంటలతో విడదీయదు. ఆ చట్టం వర్తించే సంస్థలో పార్ట్‌టైమ్ ఉద్యోగికీ పీఎఫ్ ఉండాలి. పింఛనుకు పదేళ్ల చందా కాలం చాలు. అయితే పింఛను మొత్తం జీతాన్ని బట్టి వస్తుంది. జీతాన్ని చందా కట్టిన ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. నెలకు 7,000 జీతంతో పదేళ్లు పనిచేస్తే వచ్చేది నెలకు 1,000 రూపాయలు. గుమ్మం దాటినా లోపల దొరికేది పిడికెడే.

పార్ట్‌టైమ్ అన్న ముద్ర

భారతదేశంలో పార్ట్‌టైమ్ అన్న మాట గంటలకన్నా హోదాను సూచించడానికే ఎక్కువగా వాడుతున్నారు. అంగన్వాడీ కార్యకర్తలు, ఆయాలకు ఇచ్చేది జీతం కాదనీ, గౌరవ వేతనమనీ ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. గుజరాత్ నుంచి వచ్చిన కేసులో 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. పసిపిల్లలకు పోషణ, బడికి ముందు చదువు, గర్భిణుల ఆలనా పాలనా చూసే పనిని పార్ట్‌టైమ్ అనడం కుదరదని అందులో స్పష్టం చేసింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ సమస్యకు మరో ముఖం ఉంది. అక్కడ సంక్షేమ పథకాలకు కుటుంబ నెలసరి ఆదాయం గ్రామాల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు మించకూడదన్న పరిమితి పెట్టారు. అంగన్వాడీ కార్యకర్త గౌరవ వేతనం 11,500. ఉద్యోగి హక్కులు అడిగితే గౌరవ సేవకురాలు, పథకం అడిగితే ఆదాయం ఉన్న వ్యక్తి. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన అంగన్వాడీల సమ్మెలో జీతం, గ్రాట్యుటీలతో పాటు సంక్షేమ పథకాలు తమకూ వర్తింపజేయాలన్న కోరికా ఉంది. తెలంగాణలో ఆహార భద్రతా కార్డుకు ఏడాదికి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయల కుటుంబ ఆదాయాన్ని పరిమితిగా పాటిస్తున్నారు. రెండు చోట్లా ఇది మెట్టు పద్ధతే. ఇంట్లో కోడలు సంపాదించే కొద్దిపాటి అదనపు జీతం అత్తగారి పింఛనుకో, ఇంటిల్లిపాది బియ్యానికో అడ్డం రావచ్చు.

ఎవరి లెక్కలోనూ లేనివారు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో పాచిపని చేసే మహిళ పొద్దున ఒక ఇంట్లో గిన్నెలు, మరో ఇంట్లో ఇల్లూడ్చి తుడవడం, ఇంకో ఇంట్లో వంట చేస్తుంది. ఒక్కో ఇంట్లో గంట, రెండు గంటలే. అన్నీ కలిపితే రోజు గడిచిపోతుంది. ఏ ఇంటి యజమానికీ ఆమె ఫుల్‌టైమ్ మనిషి కాదు. ఇల్లు ఈఎస్‌ఐ చట్టం చెప్పే సంస్థ కాదు. ఆమె గంటలను కలిపి లెక్కవేసే పుస్తకం ఎక్కడా లేదు. అడ్డా మీద నిలబడే కూలీకీ 90 రోజులు పనిచేశానని చెప్పడం తేలికే, ముగ్గురు నలుగురు మేస్త్రీల దగ్గర చేసిన పనికి రుజువు తేవడమే కష్టం. 2021 ఆగస్టు 26న మొదలైన ఇ-శ్రమ్ పోర్టల్ గంటల షరతు లేకుండా అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేస్తోంది. పేరు నమోదైనంత మాత్రాన బీమా, పింఛను చేతికి రావు.

యాప్‌ల ద్వారా డెలివరీలు, రైడ్లు చేసే యువకులదీ ఇదే కథ. కొందరికి అది చదువు మధ్య సాయంత్రపు పని, కొందరికి పన్నెండు గంటల జీవనాధారం. 2020 సామాజిక భద్రతా కోడ్ వారిని గిగ్ కార్మికులుగా నిర్వచించి, యాప్ సంస్థలు వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం వరకు సంక్షేమ నిధికి ఇవ్వాలని చెప్పింది. వీరి విషయంలో ఒక అనుకూలత ఉంది. లాగిన్ అయిన ప్రతి నిమిషం, ఇచ్చిన ప్రతి ఆర్డరు యాప్‌లో నమోదవుతుంది. ఆ లెక్క కార్మికుడి చేతికీ అందాలి.

విదేశాల్లోని తెలుగు విద్యార్థులకు గంటల గీత మరో రూపంలో ఎదురవుతుంది. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి చదువుకు వెళ్లినవారు క్లాసులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అమెరికాలో విద్యార్థి వీసాపై ఉన్నవారికి క్యాంపస్‌లోని పనికీ అదే 20 గంటల హద్దు. బ్రిటన్ విద్యార్థి వీసాపై యూనివర్సల్ క్రెడిట్ వంటి ప్రభుత్వ సాయాలు అందవు. ఈ గీత దాటితే పోయేది భృతి కాదు, వీసా.

చర్చ, సంస్కరణల దిశ

గంటల పరిమితిని సమర్థించేవారి వాదనలో పస లేకపోలేదు. పరిమిత నిధులు అత్యవసరం ఉన్నవారికే చేరాలి, నియమం సామాన్యుడికి అర్థమయ్యేలా ఉండాలి. వాలు పద్ధతిలో లబ్ధిదారుల సంఖ్య పెరిగి ఖర్చూ పెరుగుతుంది. స్పీన్‌హామ్‌ల్యాండ్ నాటి భయం, అంటే ప్రభుత్వ జోడింపు ఉందని యజమానులు జీతం పెంచరన్న సందేహం, నేటికీ వినిపిస్తుంది. కనీస వేతనాన్ని గట్టిగా అమలు చేయడమే దానికి విరుగుడు.

రెండు శతాబ్దాల అనుభవం నుంచి కొన్ని విషయాలు మాత్రం తేటతెల్లమయ్యాయి. మెట్టు ఉన్న ప్రతిచోటా మనుషులు దాని ముందు ఆగిపోతారు. అది సోమరితనం కాదు, ఇంటి ఖర్చు లెక్క తెలిసిన వివేకం. గీతను కనీస వేతనంతో ముడిపెట్టకపోతే జీతం పెరిగిన ప్రతిసారీ గంటలు తగ్గించుకోవాలి. గంటలు మారుతూ ఉండే పనులకు వారం లెక్కకన్నా సగటు లెక్క న్యాయం. పింఛను, ప్రసూతి, ప్రమాద బీమా వంటి ప్రాథమిక రక్షణలకు గుమ్మం తక్కువ ఎత్తులో ఉండి, మొత్తం మాత్రమే గంటలను బట్టి మారడం మేలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 175వ ఒడంబడిక కోరేదీ పార్ట్‌టైమ్ ఉద్యోగికి దామాషా ప్రకారం సమాన రక్షణే.

తెలుగు నేల మీద ఈ సంస్కరణ మొదలు కావలసిన చోటు హాజరు పుస్తకం. బ్రిటన్ తల్లి పదహారు గంటలా పదిహేనా అని వాదించగలిగింది, ఆమె గంటలు జీతం రసీదు మీద అచ్చయి ఉన్నాయి కాబట్టి. మన పాచిపనిమనిషి గంటలు, అడ్డా కూలీ రోజులు ఎక్కడా రాసి లేవు. ఎంతమంది యజమానుల దగ్గర చేసినా పనంతా ఒకే ఖాతాలో పడేలా, ఆ ఖాతా కార్మికురాలి చేతిలోనే ఉండేలా చేసినప్పుడు, ఆమె కూడా సంక్షేమ కార్యాలయానికి వెళ్లి తన అర్హతను తన కాగితంతోనే చూపించగలదు.